హోమ్ థియేటర్‌లో ఒక స్పీకర్ పలకకపోతే ఏం చేయాలి?

ఐదు స్పీకర్లు, బాస్ పలికే ఒక సబ్‌వూఫర్ ఉన్న సెట్టులో ఒకటి పలకడం మానేస్తే, చాలామంది దాన్ని ఊడదీసి సంచిలో వేసుకుని హన్మకొండ చౌరస్తాకో వరంగల్ చౌరస్తాకో బయల్దేరతారు. "అన్నా, గిట్లాంటిదే ఇంకోటియ్యి" అని అడిగి తెచ్చుకుంటారు. కొత్తది పెట్టిన కొన్నాళ్లకే అదీ కాలిపోతే దుకాణదారును తిట్టుకుంటారు. కాలింది స్పీకరే కావచ్చు, కానీ కాల్చింది సెట్టు లోపలి యాంప్లిఫయర్ అయి ఉండొచ్చు. ఒక్కోసారి స్పీకర్ చెడనే చెడదు, సజ్జ మీదుగా పోయిన వైరును ఎలుక కొరికి ఉంటుంది. అందుకే ఏది పోయిందో, ఎందుకు పోయిందో తేలాకే జేబులోంచి డబ్బు తీయండి. ఈ పనికి స్క్రూడ్రైవర్, మామూలు డిజిటల్ మల్టీమీటర్, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు, సోల్డరింగ్ ఐరన్ ఉంటే చాలు.

వెనక స్పీకర్లు నిజంగానే పోయాయా?

వెనకున్న రెండూ ఒకేసారి ఆగిపోయాయంటే ముందే స్పీకర్లను అనుమానించకండి. టీవీలో వచ్చే పాటలు, పాత సినిమాలు చాలావరకు రెండు చానళ్ల (ఎడమ, కుడి) సౌండుతోనే ఉంటాయి. వెనక్కి పంపడానికి వాటిలో వేరే సౌండే ఉండదు. ఆప్టికల్ వైరుతో టీవీని కలిపినవాళ్లు టీవీ సౌండ్ సెట్టింగులో పీసీఎం అని ఉంచితే, 5.1లో (ఐదు స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు వేర్వేరు సౌండుతో) ఉన్న సినిమా కూడా రెండు చానళ్లుగానే సెట్టుకు చేరుతుంది. అక్కడ బిట్‌స్ట్రీమ్ లేదా డాల్బీ డిజిటల్ ఎంచుకుని చూడండి. రిమోట్‌లో టెస్ట్ టోన్ ఉంటే ఇంకా నయం. ఒక్కో స్పీకర్‌లోంచి వరుసగా హోరు వస్తుంది, రానిదేదో వెంటనే తెలిసిపోతుంది.

చోటు మార్చి చూడండి

సెట్టు ఆఫ్ చేసి, ప్లగ్గు పీకేయండి. సెట్టు వెనక, పలకని స్పీకర్ వైరును పలికే స్పీకర్ వైరు ఉన్న చోట పెట్టండి, దాన్ని దీని చోట పెట్టండి. ముందు ఎడమను ముందు కుడితో, వెనక ఎడమను వెనక కుడితో మార్చాలి. సబ్‌వూఫర్‌తో మాత్రం ఈ మార్పిడి వద్దు. ఇప్పుడూ ఆ స్పీకరే పలకకపోతే లోపం దానిలోనో దాని వైరులోనో ఉంది. కొత్త చోట అది హాయిగా పలికి, ఇంతకుముందు బాగున్న స్పీకర్ మూగబోతే, సెట్టులో ఆ చానల్ పోయిందని అర్థం. అప్పుడు ఎన్ని స్పీకర్లు కొన్నా లాభం లేదు, సెట్టును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. మూత మీరు తీయకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

డిస్‌ప్లే మీద ప్రొటెక్ట్ అని వచ్చి సెట్టు దానంతటదే ఆగిపోతుంటే, వైర్ల చివరలు చూడండి. ఒక సన్న పోగు పక్క క్లిప్పుకు తగిలినా చాలు, ఇలా అవుతుంది.

సెల్లుతో, మీటరుతో పరీక్ష

పాత వైరు తీసేసి స్పీకర్‌కు జానెడు కొత్త వైరు ముక్క కలపండి. దాని రెండు చివరలను సెల్లుకు ఒక్క క్షణం తాకించి తీసేయండి. టక్కుమని చప్పుడొచ్చి కోన్ (ముందు కనిపించే గిన్నె లాంటి పొర) కదిలితే దాని వెనకున్న తీగచుట్ట, అంటే కాయిల్, బతికే ఉంది, లోపం పాత వైరుదే. 9 వోల్టుల బ్యాటరీ వాడొద్దు, సెల్లును అలాగే పట్టుకుని ఉంచొద్దు. చిన్న కాయిల్ వేడెక్కిపోతుంది.

తర్వాత మీటరును ఓమ్స్‌లో (కరెంటుకు అడ్డు ఎంతో చూపే కొలత) పెట్టి, స్పీకర్ రెండు ట్యాగుల (వైర్లు కలిపే రేకుల) మధ్య కొలవండి. 4 ఓమ్స్ స్పీకర్ మీటరు మీద 3 నుంచి 4 మధ్య, 8 ఓమ్స్‌ది 6 నుంచి 7 దగ్గర చూపిస్తుంది. రాసి ఉన్నదానికంటే కొంచెం తక్కువ రావడం లోపం కాదు. మీటరు అంకె చూపకుండా OL అనో, ఎడమ పక్కన ఒక్క 1 మాత్రమేనో చూపితే కాయిల్ తెగింది, లేదా కోన్ నుంచి ట్యాగుకు వచ్చే అల్లిక తీగ తెగింది. కోన్‌ను మెల్లగా కదిపితే అంకె వచ్చి పోతుంటే ఆ తీగే. ఇది దొరికితే అదృష్టమే, అంతే మెత్తని అల్లిక తీగ సోల్డర్ చేస్తే స్పీకర్ మళ్లీ పలుకుతుంది.

బాగు చేయించాలా, మార్చాలా?

డబ్బా విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్‌ను గట్టిగా పట్టుకోండి. అయస్కాంతం దాన్ని లాగి కోన్‌కు బొక్క పెట్టేస్తుంది. ఏ వైరు ఏ ట్యాగుకు ఉందో సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

మే నెలలో 44 డిగ్రీలు చూసే మన దగ్గర, వూఫర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు ఏళ్లు గడిచేకొద్దీ వేలు తగిలితేనే పొడిగా రాలుతుంది. అది పోయిందని మంచి వూఫర్‌ను పారేయకండి. అదే కొలత రింగు తెచ్చి, పాత జిగురంతా గీకి, ఫెవిబాండ్ లాంటి రబ్బరు గమ్‌తో అంటించవచ్చు. గమ్ ఆరకముందే కోన్‌ను రెండు వైపులా సమానంగా నొక్కి చూడండి. లోపల గీరుకుంటున్న చప్పుడు వస్తే రింగును కాస్త జరిపి, చప్పుడు పోయాకే వదిలేయండి. ఒక రోజంతా ఆరనివ్వాలి. గమ్ గట్టిపడ్డాక సరిచేయడం కుదరదు కాబట్టి తొందరపడొద్దు.

ఫోమ్ బాగానే ఉండి, నొక్కితే గరగరలాడుతూ కాలిన వాసన వస్తే కాయిల్ పోయినట్టే. 8 అంగుళాల వూఫర్ అయితే కోన్, కాయిల్ మార్చే పనివాళ్ల దగ్గర కొత్త కాయిల్ వేయించడం మంచిది. చుట్టూ పెట్టే చిన్న శాటిలైట్ స్పీకర్‌కు ఆ ఖర్చు దండగ, కొత్తదే కొనండి. పెద్ద డబ్బాలో సన్నని శబ్దం మాత్రమే పోయి, ఆ శబ్దాన్నిచ్చే ట్వీటర్ మీటరుకు బాగానే చూపిస్తే, దానికి వరుసలో ఉన్న చిన్న నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్‌ను అదే మైక్రోఫారడ్‌లో మార్చి చూడండి.

కొత్తది ఎంచుకోవడం

అన్నిటికంటే ముందు ఓమ్స్. సెట్టు వెనక, పాత అయస్కాంతం మీద రాసి ఉంటుంది. ఒకే పెట్టెలో వచ్చే సెట్లలో 3, 4, 6 ఓమ్స్ స్పీకర్లు కూడా ఉంటాయి. 8 ఉండాల్సిన చోట 4 పెడితే సెట్టు మీద కరెంటు భారం పెరిగి లోపలి ఐసీ (యాంప్లిఫయర్ చిప్పు) కాలే ప్రమాదం ఉంది. 4 చోట 8 పెడితే ప్రమాదం లేదు, సౌండు తగ్గుతుంది. వాట్లలో ఆర్ఎంఎస్ (ఆగకుండా నిలిచే పవర్) అంకెనే నమ్మండి. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే పీఎంపీఓ అంకె అమ్మకం కోసమే.

పైన స్క్రూ బొక్కల మధ్య దూరం, డబ్బాలో రంధ్రం వెడల్పు, అయస్కాంతం వరకు లోతు కొలిచి రాసుకోండి. ఇక్కడ దొరకకపోతే, కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయేటప్పుడు ఆ చీటీ, పాత స్పీకర్ రెండూ వెంట ఉండాలి. ముందు స్పీకర్లయితే ఒక్కటి కాక జత మార్చమంటాను. రెండు వేర్వేరు గొంతులు ఎదురుగా కూర్చుంటే పాట ఒక పక్కకు ఒరిగినట్టే వినిపిస్తుంది. సెట్టుకు ప్రత్యేకమైన రంగు ప్లగ్గు ఉంటే పాత వైరును ఆ ప్లగ్గుతో సహా ఉంచుకుని కొత్త స్పీకర్‌కు కలపండి.

కలిపే ముందు ఈ ఒక్కటి తప్పక చూడండి

స్పీకర్ లేకుండా సెట్టు ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాకు తెచ్చి, మీటరును డీసీ (సెల్లులోలా ఒకే దిశలో పోయే కరెంటు) వోల్టుల్లో పెట్టి ఆ చానల్ రెండు క్లిప్పుల మధ్య కొలవండి. మీటరు పుల్ల ఒకటి సెట్టు బాడీకి ఆనించి కాదు, రెండు క్లిప్పుల మధ్యే. కొన్ని పదుల మిల్లీవోల్టులు ఉంటే పర్లేదు. వోల్టుల్లో చూపిస్తే యాంప్లిఫయర్ చెడిపోయి నేరుగా డీసీ పంపుతోంది. పాత కాయిల్‌ను తిన్నది అదే, కొత్తదాన్నీ తింటుంది. ముందు అది బాగు చేయించండి.

డీసీ లేకపోతే కారణం చాలాసార్లు మన వాడకమే. హాలు కోసం చేసిన సెట్టును సద్దుల బతుకమ్మ రోజు వాకిట్లో పెట్టి, బాస్, వాల్యూమ్ రెండూ చివరిదాకా తిప్పితే యాంప్లిఫయర్ సౌండును చీల్చి పంపుతుంది. ఆ వేడికి ముందుగా పోయేవి చిన్న స్పీకర్లే. ఆడబిడ్డలు ఆడుకునే వాకిలికి అద్దెకు ఒక పెద్ద బాక్సు తెచ్చుకోవడం చవక.

బిగించడం

ఎర్ర గుర్తు ఉన్న ట్యాగు ప్లస్. గుర్తు లేకపోతే సెల్లు ప్లస్‌ను తాకించినప్పుడు కోన్ బయటికి ఎగిరే ట్యాగే ప్లస్. తిరగేసి కలిపితే పాడవదు కానీ బాస్ పలచబడుతుంది. సోల్డర్ త్వరగా పెట్టి తీసేయండి. సబ్‌వూఫర్ డబ్బాకు గాలి పోయే సందు లేకుండా పాత గ్యాస్కెట్‌ను తిరిగి పెట్టి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

మొదటి కొద్ది గంటలు సగం వాల్యూమ్‌కు లోపే ఉంచండి. తర్వాత కూర్చునే చోటు నుంచి టెస్ట్ టోన్ వేసి, కొత్త స్పీకర్ లెవెల్‌ను మిగతా వాటితో సమానం చేయండి.