హాలుకు తగిన మధ్యస్థాయి టీవీని ఎంచుకోవడం ఎలా?

షోరూంకు బయలుదేరే ముందు కొలత టేపు తీసుకొని, టీవీ ఉండబోయే గోడ నుంచి మీరు రోజూ కూర్చునే చోటి దాకా ఎంత దూరముందో కొలిచి రాసుకోండి. సినిమాలు, క్రికెట్ ఎక్కువగా చూసేవారు ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి 1.6తో భాగిస్తే తగిన సైజు వస్తుంది. వార్తలు, సీరియళ్లే ఎక్కువైతే 2తో భాగించినా ఇబ్బంది లేదు. ఏడు అడుగులంటే 84 అంగుళాలు కాబట్టి మొదటి లెక్కకు 52, రెండో లెక్కకు 42 వస్తాయి. అంటే అలాంటి హాలుకు 43 లేదా 50 అంగుళాల టీవీ సరిపోతుంది. ఈ అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. 43 అంగుళాల తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 54 సెంటీమీటర్లు ఉంటుంది. గోడకు బిగించకుండా పాత స్టాండు మీదే పెట్టదలిస్తే కాళ్ల మధ్య దూరం కూడా కనుక్కోండి. చాలా మోడళ్లలో కాళ్లు రెండు చివర్లకు ఉండటం వల్ల, ఇంటికి తెచ్చి పెట్టాక ఒక కాలు స్టాండు అంచు దాటి గాలిలో ఉండిపోయే ప్రమాదముంది.

ఇక అసలు విషయం ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర. టీవీ నెమ్మదిగా పనిచేస్తే రెండేళ్ల తర్వాత ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించుకోవచ్చు, శబ్దం చాలకపోతే సౌండ్‌బార్ కొనుక్కోవచ్చు. ప్యానెల్‌ను మాత్రం మార్చుకోలేము. అందుచేత మీ బడ్జెట్‌లో ప్రతి రూపాయినీ ముందు ప్యానెల్ మీదే పెట్టాలని నా అభిప్రాయం.

ఎల్ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి ఎల్‌సీడీ తెరే. వెనక వెలుగునిచ్చేవి మాత్రం ఎల్ఈడీ దీపాలు. ఈ తెరల్లో ప్రధానంగా రెండు జాతులున్నాయి. ఐపీఎస్ ప్యానెల్‌ను పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు, కానీ దాని నలుపు చీకటి గదిలో బూడిద రంగుగా కనిపిస్తుంది. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది. ఐపీఎస్‌లో తెలుపు, నలుపుల వెలుగు నిష్పత్తి వెయ్యికి ఒకటి ప్రాంతంలో ఉంటే, వీఏలో అది మూడు వేలు దాటుతుంది. అయితే పక్కకు జరిగి చూస్తే వీఏ రంగులు వెలిసిపోతాయి. నేను ఒకసారి ఈ సంగతి ఆలోచించకుండా, షోరూంలో తెరకు ఎదురుగా నిలబడి చూసి వీఏ ప్యానెల్ ఉన్న టీవీ కొన్నాను. మా హాల్లో అమ్మ కూర్చునే దివాన్ కాట్ పక్క గోడ వెంట ఉంటుంది. మొదటి రోజు సాయంత్రమే ఆమె, ‘సీరియల్ వాళ్లందరూ ఇవాళ పౌడరు ఎక్కువ పూసుకున్నారేమిట్రా?’ అని అడిగింది. అందరూ తెరకు ఎదురుగా కూర్చునే ఇంటికి, రాత్రిపూట లైట్లు ఆర్పి సినిమా చూసేవారికి వీఏ మేలు. మూడు వైపులా కూర్చునే హాలుకు ఐపీఎస్ మేలు.

ఏ మోడల్‌లో ఏ ప్యానెల్ ఉందో వివరాల పట్టికలో తరచుగా రాయరు. పైగా ఒకే మోడల్‌లో వేర్వేరు సైజులకు వేర్వేరు ప్యానెళ్లు రావడం కద్దు. కాబట్టి మీరు కొనబోయే సైజు ముందే నిలబడి, తెర మీద మనిషి ముఖం కనిపిస్తున్నప్పుడు మెల్లగా పక్కకు నడుస్తూ చర్మం రంగును గమనించండి. నాలుగడుగులు వేసేసరికి ముఖం పాలిపోయిందంటే అది వీఏ అయ్యే అవకాశమే ఎక్కువ.

ఓలెడ్ సంగతి వేరు. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది కనుక నలుపు నిజమైన నలుపుగా ఉంటుంది, పక్క నుంచి చూసినా రంగు చెడదు. 42, 48 అంగుళాల్లోనూ అవి వస్తున్నాయి. కానీ ఒకే బొమ్మ రోజూ గంటల తరబడి ఒకేచోట నిలిచి ఉంటే ఆ ముద్ర తెర మీద శాశ్వతంగా మిగిలిపోయే అవకాశముంది. మన తెలుగు వార్తా చానెళ్లలో మూలన లోగో, కింద రెండు మూడు పట్టీలు, పక్కన ఇంకో పెట్టె ఎప్పుడూ కదలకుండా ఉంటాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా వార్తలు మోగే ఇంటికి ఓలెడ్ కొనవద్దనే చెబుతాను. క్యూఎల్ఈడీ అన్నది పేరులో దీనికి దగ్గరగా ఉన్నా, అది వెనక దీపాలతో వెలిగే మామూలు ఎల్‌సీడీయే. రంగులు గాఢంగా రావడానికి అందులో క్వాంటం డాట్లనే అతి సూక్ష్మ రేణువుల పొర ఒకటి అదనంగా ఉంటుంది.

వెలుగునీడల తేడాను మామూలుకన్నా ఎక్కువగా చూపే వీడియో పద్ధతిని హెచ్‌డీఆర్ అంటారు, డాల్బీ విజన్ అందులో ఒక రకం. డబ్బా మీద ఆ పేర్లు ఉన్నంత మాత్రాన సంబరపడనక్కర్లేదు. ఆ సంకేతాన్ని టీవీ అందుకోగలదని మాత్రమే దాని అర్థం. హెచ్‌డీఆర్ సినిమాల్లో చాలావాటిని 1000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగును దృష్టిలో పెట్టుకొని తయారుచేస్తారు. ఈ సైజులో దొరికే చవక టీవీలు 250, 300 నిట్ల దగ్గరే ఆగిపోతాయి. కిటికీలు ఎక్కువగా ఉండి పగలు వెలుతురు పడే హాలైతే అంతకంటే ఎక్కువ వెలుగునిచ్చే మోడల్ కోసం వెతకడం అవసరం. బ్యాక్‌లైట్‌ను భాగాలుగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ ఉంటే ఇంకా మంచిది.

ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలుండే 4కే గురించి కూడా ఒక మాట. 43 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్కలను సాధారణ కంటిచూపు దాదాపు ఐదున్నర అడుగులు దాటాక విడివిడిగా గుర్తించలేదు. కనుక ఏడు అడుగుల నుంచి చూసేవారికి 4కే వల్ల ఒరిగేది తక్కువే. మంచి ప్యానెళ్లన్నీ ఇప్పుడు 4కేలోనే వస్తున్నాయి కాబట్టి అదే తీసుకుంటాము, అంతే. దానికన్నా మీ సెట్‌టాప్ బాక్స్ బొమ్మ ఎలా ఉంటుందన్నది ముఖ్యం. హెచ్‌డీ కాని మామూలు ఎస్‌డీ చానెల్‌లో ఉండేవి 720 బై 576, అంటే సుమారు 4 లక్షల చుక్కలు. 4కే తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. ఆ కాస్త బొమ్మను ఇరవై రెట్లు సాగదీసి చూడదగ్గట్టు నిలబెట్టడంలోనే టీవీ ప్రాసెసర్ పనితనం తెలుస్తుంది. షోరూంవాళ్లు పెట్టే నెమలి ఈకలు, పువ్వుల వీడియోను ఆపించి, మామూలు ఎస్‌డీ చానెల్ పెట్టమని మొహమాటం లేకుండా అడగండి.

మీతో ఒక పెన్‌డ్రైవ్ కూడా తీసుకువెళ్లండి. అందులో మీకు బాగా తెలిసిన రాత్రి సన్నివేశం ఒకటి, క్రికెట్ క్లిప్ ఒకటి, తెరంతా ఒకే బూడిద రంగు ఉన్న బొమ్మ ఒకటి ఉంటే చాలు. బంతి వెంట కెమెరా పరుగెత్తేటప్పుడు పచ్చిక మీద మురికి చారల్లాంటివి కనిపిస్తే ప్యానెల్ సమంగా లేదని అర్థం. ఈ పరీక్షకు ముందు పిక్చర్ మోడ్‌ను వివిడ్ నుంచి సినిమా మోడ్‌కు మార్పించాలి. షోరూం దీపాల కింద మెరవడానికి పెట్టిన వివిడ్ మోడ్‌లో అన్ని టీవీలూ అందంగానే కనిపిస్తాయి. సినిమా చూస్తుంటే సీరియల్ చూస్తున్నట్టు అనిపించిందంటే కదలికను నునుపు చేయడానికి టీవీ తానే మధ్యలో బొమ్మలు కల్పించే మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉందన్నమాట, దాన్ని ఆపించండి. గేములు ఆడేవారు ఇంట్లో లేకపోతే సెకనుకు 60 సార్లు బొమ్మను మార్చే 60 హెర్ట్జ్ ప్యానెల్ చాలు. ‘మోషన్ రేట్ 200’ లాంటి ప్రచారపు అంకెలను పట్టించుకోకండి.

మిగిలినవి త్వరగా తేలిపోతాయి. ర్యామ్ కనీసం 2 జీబీ, హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు, వాటిలో ఒకటి టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే ఈ-ఆర్క్ ఉన్నది అయితే మంచిది. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అందుకని కొట్టేసిన ఎమ్మార్పీని, దాని పక్కన రాసిన తగ్గింపు శాతాన్ని కాక, బిల్లు మీద చివరకు పడే ధరనే నాలుగు చోట్ల పోల్చి చూడండి. ప్యానెల్‌కు వారంటీ ఎన్నేళ్లో, గోడ బ్రాకెట్ ఉచితమో కాదో బిల్లు మీదే రాయించుకోండి. డిస్‌ప్లే పీస్‌ను మాత్రం ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనండి. అది రోజుకు పన్నెండు గంటలు పూర్తి వెలుగులో పనిచేసి ఉంటుంది.

టీవీ ఇంటికి వచ్చాక, బిగించడానికి వచ్చిన మనిషి వెళ్లిపోకముందే అదే పెన్‌డ్రైవ్ పెట్టి బూడిద రంగు బొమ్మను తెర నిండా చూడండి. వెలగని చుక్క గానీ, మూలల్లో వెలుగు కారుతున్నట్టు గానీ కనిపిస్తే అక్కడికక్కడే ఫోటో తీసి, అతని చేత రిపోర్టులో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.