చలికాలంలో ఇంట్లోనే ఉస్మానియా బిస్కెట్లు ఎలా చేయాలి? ఓవెన్ లేకపోయినా పర్లేదు

హైదరాబాద్‌లో బిస్కెట్లకి కూడా ఒక సీజన్ ఉంటుందని నాకు చాలా లేటుగా తెలిసింది. వీడియోలు చూసి ఉత్సాహంగా మే నెలలో మొదలుపెట్టా, బయట ఎండ దంచుతోంది, బటర్‌లో చక్కెర పొడి కలిపేలోపే అది నూనెలాగ జారిపోయింది, పిండి చేతికి అంటుకుంటోంది, అయినా మొండిగా పన్నెండు ముద్దలు చేసి ఓవెన్లోకి తోసేశా. పది నిమిషాలకి తీసి చూస్తే పన్నెండూ కలిసిపోయి ట్రే నిండా ఒకటే అట్టు. మా అమ్మ దాని అంచు విరిచి నోట్లో వేసుకుని "రుచి బానే ఉందే, ఇంతకీ దీన్ని ఏమనాలి?" అంది.

తప్పు రెసిపీది కాదు, బటర్‌ది. 32 డిగ్రీలు దాటితే బటర్ కరిగిపోవడం మొదలవుతుంది, మన వంటగదిలో మే నెలలో అంతకంటే ఎక్కువే ఉంటుంది కదా. బిస్కెట్ పిండికి బటర్ మెత్తగా ఉండాలి గానీ కరగకూడదు, అంటే 18 నుంచి 21 డిగ్రీల దగ్గర ఉంటే కరెక్ట్. డిసెంబర్, జనవరిల్లో పొద్దున ఏడింటికి మా వంటగది సుమారుగా అలాగే ఉంటుంది, ఏసీ అక్కర్లేదు, ఐస్ అక్కర్లేదు. పైగా ఎండాకాలంలో ఓవెన్ పెడితే ఇంట్లోవాళ్లందరూ వంటగది వదిలి పారిపోతారు, అదే చలికాలంలో పెట్టండి, స్వెట్టర్లేసుకుని ఒక్కొక్కళ్లే వచ్చి పొయ్యి పక్కన నిలబడతారు, బఠానీలు ఒలవమంటే కూడా ఒలిచేస్తారు.

ఉస్మానియా అన్న పేరు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చింది. మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రిలో పేషెంట్ల కోసం మొదలైందని ఒక కథ చెప్తుంటారు, కథ సంగతి ఎలా ఉన్నా బిస్కెట్ లక్షణం మాత్రం ఒకటే, నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెనకాలే ఉప్పు, నమిలే పని లేకుండా కరిగిపోవాలి. ఉప్పు తగ్గిస్తే అది మామూలు బటర్ బిస్కెట్ అయిపోతుంది.

కావాల్సినవి (18 బిస్కెట్లకి)

బటర్ 100 గ్రాములు, మైదా 150 గ్రాములు, మిక్సీలో పొడి చేసిన చక్కెర 70 గ్రాములు, కస్టర్డ్ పౌడర్ రెండు పెద్ద చెంచాలు, పాలపొడి రెండు పెద్ద చెంచాలు, బేకింగ్ పౌడర్ అర చెంచా, యాలకుల పొడి పావు చెంచా, రెండు చెంచాల గోరువెచ్చని పాలలో నానేసిన కుంకుమపువ్వు నాలుగైదు రేకులు. ఉప్పు లేని బటర్ అయితే ఉప్పు అర చెంచా, అమూల్ లాంటి ఉప్పు బటర్ అయితే చిటికెడు చాలు. కుంకుమపువ్వు లేకపోతే మానేయండి, రంగు కస్టర్డ్ పౌడరే ఇస్తుంది. కస్టర్డ్ పౌడర్ మాత్రం మానొద్దు, అందులో ఎక్కువ భాగం కార్న్‌ఫ్లోరే, అది మైదా సాగే గుణాన్ని తగ్గిస్తుంది, బిస్కెట్ గుల్లగా రావడానికి కారణం అదే.

కొలత కాటా ఉంటే మంచిది, బేగంబజార్లో ట్రేలు, కట్టర్లు కొనడానికి వెళ్తే అదీ చూడండి. లేకపోతే మైదా ఒక కప్పూ పావు, చక్కెర పొడి అర కప్పు కంటే కొంచెం ఎక్కువ వేసుకోండి.

చేసే పద్ధతి

ముందు రోజు రాత్రే బటర్ ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టేయండి. చలికాలంలో ఇదొక్కటే తిప్పలు, అరగంట ముందు తీస్తే ఇటుకలాగే ఉంటుంది. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి నూనె మెరుపు అంటకూడదు. మర్చిపోయారా, పొయ్యి మీద పెట్టి కరిగించకండి, సన్నగా ముక్కలు కోసి ప్లేట్లో పరచండి, ఇరవై నిమిషాల్లో దారికొస్తుంది.

ఇప్పుడు బటర్, చక్కెర పొడి కలిపి గిలక్కొట్టాలి. చేత్తో అయితే ఎనిమిది పది నిమిషాలు, బీటర్‌తో మూడు. పసుపు రంగు పోయి తెల్లబడాలి, ఉబ్బాలి. చక్కెర పలుకులు బటర్‌ని గీరుతూ లోపల చిన్న చిన్న గాలి బుడగలు పెడతాయి, ఓవెన్లో అవే పెద్దవయ్యి బిస్కెట్‌ని గుల్ల చేస్తాయి, బేకింగ్ పౌడర్ అప్పటికే ఉన్న బుడగల్ని పొంగిస్తుందంతే, కొత్తవి పుట్టించదు. కాబట్టి చెయ్యి నొప్పిగా ఉందని ఇక్కడ మాత్రం ఆపొద్దు, ఇంట్లో ఖాళీగా టీవీ చూసేవాళ్లుంటే గిన్నె వాళ్ల ఒళ్లో పెట్టండి.

పొడులన్నీ కలిపి జల్లించి ఇందులో వెయ్యండి. ఇక్కడ చపాతీ పిండి కలిపిన అలవాటు పక్కన పెట్టాలి. పిసకొద్దు, మైదాని ఎంత పిసికితే అంత సాగుతుంది, బిస్కెట్ గట్టిపడుతుంది. వేళ్ల చివర్లతో దగ్గరికి లాగండి చాలు, పొడిపొడిగా అనిపిస్తే కుంకుమపువ్వు పాలు ఒక్కో చెంచా వేస్తూ ముద్ద చెయ్యండి, మొత్తం పాలు పట్టకపోవచ్చు, మిగిలితే పైన పూయడానికి పనికొస్తాయి.

ముద్దని మూతపెట్టి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి.

వత్తడానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది, పాల ప్యాకెట్ శుభ్రంగా కడిగి పక్కలు కత్తిరించి తెరిస్తే మంచి షీట్ వస్తుంది, చెక్కలు వత్తేటప్పుడు వాడతాం కదా అలాగే. రెండు షీట్ల మధ్య ముద్ద పెట్టి కర్రతో ముప్పావు సెంటీమీటర్ మందాన వత్తండి, పల్చగా వత్తితే ఉస్మానియా కాదు, క్రాకర్ అవుతుంది. కట్టర్ లేకపోతే చిన్న స్టీల్ గ్లాసు తలకిందులు చేసి గుండ్రంగా కోయండి. మొదటి రౌండ్ బిస్కెట్లే అందంగా ఉంటాయి, మిగిలిన తుంపులు కలిపి మళ్లీ వత్తినవి కొంచెం వంకరగా వస్తాయి, అవి పిల్లలకి.

ట్రేలో బటర్ పేపర్ వేసి వేలెడు దూరం దూరంగా పెట్టి, పైన పాలు పల్చగా పూయండి.

ఓవెన్ 170 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడి చెయ్యండి, తర్వాత ట్రే పెట్టి 14 నుంచి 16 నిమిషాలు. మామూలు మైక్రోవేవ్‌లో రావు, కన్వెక్షన్ మోడ్ ఉండాలి. ఏ ఓవెన్ లేకపోతే మందపాటి పాత కడాయి గానీ, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసిన పాత కుక్కర్ గానీ తీసుకుని అడుగున ఒక కప్పున్నర రాళ్ల ఉప్పు పరచి, పైన స్టాండ్ పెట్టి, మూతేసి మీడియం మంట మీద పది నిమిషాలు వేడి చెయ్యండి. నీళ్లు పొయ్యకూడదు. ప్లేట్లో నాలుగైదు బిస్కెట్లే పడతాయి, సిమ్‌లో 18 నుంచి 20 నిమిషాలు. పైన అంత రంగు రాదు, అడుగున మాత్రం చక్కగా వస్తుంది. కొత్త నాన్‌స్టిక్ కుక్కర్‌తో ఈ ప్రయోగం చెయ్యకండి, ఖాళీగా వేడెక్కితే దాని పూత పాడైపోతుంది.

ఇప్పుడు అందరూ మోసపోయే చోటు. టైమ్ అయ్యాక తీసి వేలితో నొక్కితే బిస్కెట్ మెత్తగా ఉంటుంది, అయ్యో ఉడకలేదనుకుని మళ్లీ లోపల పెట్టేస్తాం, ఐదు నిమిషాలకి అడుగు మాడి చేదెక్కుతుంది. నేను అలా రెండు ట్రేలు పారబోశా. వేడిగా ఉన్నప్పుడు బటర్ కరిగి ఉంటుంది, అందుకే మెత్తదనం, చల్లారితే అదే గట్టిపడుతుంది. అంచులు లేత బంగారు రంగుకి తిరిగాయా, ఒకదాన్ని అట్లకాడతో ఎత్తి చూస్తే అడుగు లేత గోధుమ రంగులో ఉందా, తీసెయ్యండి. ట్రేలోనే పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలెయ్యండి, ఇదే అన్నిటికంటే కష్టమైన స్టెప్, ఇల్లంతా యాలకుల వాసన వస్తుంటే ఎవరు ఆగుతారు చెప్పండి.

ఆ పది నిమిషాల్లో చాయ్

నిజానికి చాయ్ డికాక్షన్ బిస్కెట్లు ఓవెన్లో పెట్టగానే మొదలుపెట్టాలి. రెండు కప్పుల నీళ్లలో మూడు చెంచాల చాయ్‌పత్తి, రెండు చెంచాల చక్కెర వేసి, మూత చుట్టూ గోధుమపిండి అంటించి మరీ సన్న మంట మీద ఇరవై నిమిషాలు దమ్ పెట్టండి. పక్క పొయ్యి మీద అర లీటరు పాలు సగానికి దగ్గరగా మరగనివ్వండి. కప్పులో సగం డికాక్షన్, సగం పాలు. హోటల్ ఇరానీ చాయ్ అంత చిక్కగా రాకపోయినా దగ్గర్లోకి వస్తుంది. బిస్కెట్ ముంచేటప్పుడు రెండు అంకెలు లెక్కపెట్టి తీసెయ్యండి, మూడో అంకెకి అది కప్పు అడుగుకి చేరుతుంది, చెంచాతో తవ్వుకోవాలి.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, గోరువెచ్చగా పెడితే లోపల చెమట పట్టి మెత్తబడతాయి. ఈ నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి స్టీల్ డబ్బాలో పది రోజులు కరకరలాడుతూనే ఉంటాయి, వానాకాలంలో అయితే రెండు రోజులకే మెత్తబడిపోతాయి. పది రోజులు అన్నది లెక్క కోసం చెప్తున్నా, పోయిన ఆదివారం 18 చేస్తే మా ఇంట్లో డబ్బా దాకా చేరినవి పదకొండు.