పాత డీజిల్ పికప్ స్టార్ట్ కావడం లేదా? ముందు చప్పుడు వినండి, తర్వాత పొగ చూడండి

తెల్లారేసరికి లోడు మార్కెట్‌లో దించాలి, బండేమో స్టార్ట్ కాదు. ఆ టెన్షన్‌లో ఎవరైనా చేసేది ఒకటే: సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టడం. కాసేపటికి బ్యాటరీ కూడా దిగిపోతుంది. మెకానిక్ వచ్చేసరికి ఒక రోగం కాస్తా రెండవుతుంది, మొదటిది ఏదో తేల్చడం కష్టమవుతుంది. సెల్ఫ్ ఒకసారికి పది పదిహేను సెకన్లు మించి కొట్టొద్దు. మధ్యలో కనీసం ఒక నిమిషం ఆపండి. ఆ పది సెకన్లలో వినాల్సింది వింటే, సైలెన్సర్ దగ్గర ఇంకొకరిని నిలబెట్టి పొగ చూడమంటే, సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడ చెప్పేది మెకానికల్ పంపుతో వచ్చిన పాత బళ్ళ గురించి. పాత బొలెరో పికప్, టాటా 207 డీఐ లాంటివన్నమాట. గుర్తుపట్టడం తేలిక. డీజిల్ పంపు నుంచి ఒక్కో ఇంజెక్టర్‌కు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) ఒక సన్నటి ఇనుప పైపు నేరుగా వెళ్తుంది, ఇంజెక్టర్‌కు కరెంటు వైరు ఉండదు. అలా కాకుండా పైపులన్నీ ఒక లావుపాటి గొట్టం నుంచి బయల్దేరి, ఇంజెక్టర్ల నెత్తిన వైరింగ్ ప్లగ్గులు కనిపిస్తే అది కామన్ రైల్. అందులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది కాబట్టి పైపు నట్లు వదులు చేసే పని దాని దగ్గర పెట్టుకోవద్దు. స్కానర్ ఉన్నవాళ్ళకే చూపించండి.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే ఇంజిన్ చురుగ్గా తిరగాలి, డీజిల్ గాలి లేకుండా ఇంజెక్టర్ దాకా రావాలి, గాలిని నొక్కే బలం, అంటే కంప్రెషన్, ఉండాలి. పాత బండి స్టార్ట్ కాకపోవడానికి కారణం ఎక్కువసార్లు మొదటి రెండింట్లోనే దొరుకుతుంది. చెయ్యి పెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి.

తాళం తిప్పితే టక్‌మని ఆగిపోతే, లేదా ఇంజిన్ నీరసంగా తిరిగితే

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా మసకబారిపోతే బ్యాటరీలో చార్జింగ్ లేదు, లేదా టెర్మినల్ పట్టు సరిగ్గా లేదు. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ చప్పుడే రాకపోతే, సెల్ఫ్ సొలినాయిడ్‌కు (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) తాళం నుంచి కరెంటు అందడం లేదు, లేదా సొలినాయిడే పోయింది.

మల్టీమీటర్ ఉంటే ఊహలతో పనిలేదు. రాత్రంతా ఆగి ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. అసలు పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడు చేయాలి. అప్పుడు వోల్టేజి పదికి దిగువకు జారిపోతుంటే బ్యాటరీని చార్జింగ్‌కు ఇవ్వండి. చార్జింగ్ చేసినా అలాగే పడిపోతే దాని ఆయుష్షు అయిపోయినట్టే.

కొత్త బ్యాటరీ కొనేముందు మాత్రం టెర్మినల్స్ ఊడదీసి చూడండి. పైకి గట్టిగానే ఉన్నట్టుంటుంది, లోపల క్లాంపుకూ పోస్టుకూ మధ్య తెల్లగానో పచ్చగానో బూడిదలా పేరుకుని ఉంటుంది. హారన్ మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, కానీ సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లు ఆ పొర దాటి పోలేవు. వేడినీళ్ళు పోసి కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన కొంచెం వాసలిన్ పూయండి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్ విప్పాలి, బిగించేటప్పుడు అది చివర.

ఆ తర్వాత చూడాల్సింది ఎర్త్ వైరు. పాత పికప్‌లలో దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు వెళ్ళే పట్టీ బోల్టు దగ్గర తుప్పు పట్టి ఉంటుంది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొస నేరుగా ఇంజిన్ బ్లాక్ మీద పెయింటు లేని ఇనుముకు తగిలించి సెల్ఫ్ కొట్టండి. అంతదాకా మూలుగుతున్న ఇంజిన్ గిర్రున తిరిగిందంటే, బ్యాటరీకీ సెల్ఫ్‌కూ ఏ జబ్బూ లేదు. పట్టీ మార్చుకుంటే చాలు.

కేబుళ్ళన్నీ బాగుండి కూడా టక్‌మని ఆగిపోతుంటే, ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే ఇంకొకరు సెల్ఫ్ మోటారు బాడీ మీద సుత్తి పిడితో మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. అవి మార్చాల్సిందే. తట్టే చికిత్స ఆరోజు ఇంటికి చేరడానికే. తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్కటే గుయ్యిమని తిరిగి ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ (సెల్ఫ్‌ను ఫ్లైవీల్ పళ్ళకు కలిపే చిన్న గేరు) పట్టడం లేదు, లేదా ఫ్లైవీల్ పళ్ళు అరిగాయి. దానికి సెల్ఫ్ దించక తప్పదు.

వేరే బండి నుంచి జంప్ ఇచ్చేటప్పుడు వరస తప్పొద్దు. ఎర్ర కేబుల్ ముందు మన పాజిటివ్‌కు, తర్వాత వాళ్ళ పాజిటివ్‌కు. నల్లది వాళ్ళ నెగెటివ్‌కు, చివరి కొస మన ఇంజిన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాని పక్కన నిప్పురవ్వ లేవకూడదు.

ఒక్క సందర్భంలో మాత్రం సెల్ఫ్ జోలికే పోవద్దు. వాగు దాటాకో, వరదనీటిలో మునిగాకో బండి ఆగిపోయి, సెల్ఫ్ కొడితే దబ్‌మని నిలిచిపోతే, సిలిండర్‌లోకి నీళ్ళు చేరి ఉండొచ్చు. నీళ్ళు గాలిలా కుదించుకుపోవు. బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసి స్టార్ట్ చేసినా ప్రమాదం అదే. ఇంజెక్టర్లు విప్పి, నీళ్ళు బయటికి పంపి, ఆయిల్ మార్చాకే తాళం తిప్పాలి.

ఇంజిన్ చురుగ్గా తిరుగుతుంది, సైలెన్సర్‌లో పొగ చుక్క కూడా లేదు

పొగ లేదంటే సిలిండర్‌లోకి డీజిల్ పడటం లేదు. చాలామంది గ్యారేజీల్లో ఈ మాట వినగానే పంపు దించమంటారు. దించొద్దు. పంపు అన్నిటికంటే ఖరీదైనది, అన్నిటికంటే చివర పాడయ్యేది కూడా అదే.

మొదట స్టాప్ సంగతి చూడండి. స్టాప్ కేబుల్ లాగి ఆపే బండి అయితే, తుప్పు వల్ల కేబుల్ వెనక్కి రాక పంపు మీది లివర్ ఆపే స్థానంలోనే ఉండిపోతుంది. చేత్తో వెనక్కి తోసి చూడండి. తాళంతో ఆగే రోటరీ పంపు (ఒకే హెడ్ నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ పంచేది) అయితే, దాని మీద ఒక చిన్న సొలినాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేయగానే దాని దగ్గర చిన్నగా టిక్‌మనాలి. రాకపోతే దాని వైరు పీకి, బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా ఒక వైరు తగిలించండి. టిక్‌మని బండి స్టార్ట్ అయితే తప్పు ఫ్యూజుదో, తాళం స్విచ్‌దో, వైరుదో. అప్పుడు కూడా టిక్ రాకపోతే సొలినాయిడే పోయింది.

అది బాగుంటే ఇక మిగిలింది గాలి. పాత బళ్ళను అన్నిటికంటే ఎక్కువ సతాయించేది ఇదే. సాయంత్రం బాగానే ఆగిన బండి పొద్దున్నే మొండికేస్తుంది, చాలాసేపు తిప్పితే కానీ అందుకోదు. ఏటవాలుగా ముందుభాగం పైకి ఉండేలా ఆపితే ఇంకా కష్టం. ట్యాంకు నుంచి డీజిల్‌ను ఫీడ్ పంపు (పెద్ద పంపుకు డీజిల్ అందించే చిన్న పంపు) లాగుతుందే తప్ప, వెనక నుంచి ఏదీ నెట్టదు కదా. ఆ లైన్లో ఎక్కడ సందు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టే. కింద తడి లేదు కాబట్టి లీకేజీ లేదనుకుంటే అక్కడే పొరపాటు.

ముందు గాలి తీయండి. డీజిల్ ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ కొద్దిగా వదులు చేసి, చేతి ప్రైమర్‌ను (చేత్తో కొట్టి డీజిల్ నింపే చిన్న పంపు) కొడుతూ ఉండండి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని డీజిల్. అది కారుతుండగానే స్క్రూ బిగించాలి. పంపు మీద కూడా బ్లీడ్ స్క్రూ ఉంటే అక్కడా ఇదే పని. ఆ తర్వాత ఇంజెక్టర్ల దగ్గర రెండు పైపు నట్లు ఒక్కో చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టిస్తే, అక్కడ డీజిల్ తుపుక్ తుపుక్‌మని చిమ్ముతుంది. బుడగలు ఆగగానే బిగించండి. ఆ చోటికి వేలు, మొహం దగ్గరగా పెట్టొద్దు. ఇంజెక్టర్ నుంచి వచ్చే ధార చర్మంలోకి దూరగలదు. పైకి సూది పోటులా కనిపించినా అది ఆస్పత్రికి పరిగెత్తాల్సిన గాయం.

గాలి తీశాక స్టార్ట్ అయ్యి, మర్నాడు మళ్ళీ అదే వరస అయితే సందు వెతకాలి. దీనికి బాగా పనిచేసే పరీక్ష సీసా పరీక్ష. శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బాలో రెండు లీటర్ల డీజిల్ పోసి, బానెట్ కంటే ఎత్తులో, వేడి తగలని చోట కట్టండి. ఫీడ్ పంపుకు ట్యాంకు నుంచి వచ్చే పైపు పీకి, ఆ స్థానంలో డబ్బా నుంచి ఒక పారదర్శకమైన గొట్టం తగిలించండి. గాలి తీసి, స్టార్ట్ చేసి, ఆపి, రాత్రంతా అలాగే వదిలేయండి. మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పిపంపే రిటర్న్ పైపును కదపొద్దు. పొద్దున్నే మొదటి దెబ్బకే అందుకుంటే పంపు, ఇంజెక్టర్లు నిర్దోషులు. జబ్బు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది. డబ్బాతో కూడా మొండికేస్తే ఇవతలి వైపు చూడాలి: ఫీడ్ పంపు వాల్వులు, ఫిల్టర్ రబ్బరు, పంపు.

ట్యాంకు వైపు అయితే ముందుగా చూడాల్సినవి రబ్బరు పైపు చివర్లు, బాంజో బోల్టుల (డీజిల్ పైపులను బిగించే, మధ్యలో రంధ్రం ఉన్న బోల్టులు) రాగి వాషర్లు. ఈ వాషర్లు ఒకసారి నొక్కుకుపోతే మళ్ళీ సరిగ్గా కూర్చోవు. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. ట్యాంకు లోపలి పైపు తుప్పుపట్టి, మధ్యలో చిల్లు పడటం కూడా ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగా నడిచి, సగానికి దిగితే సతాయించే బండికి కారణం ఎక్కువగా ఇదే. ట్యాంకు మూత తెరిచినప్పుడు గాలి సుయ్యిమని లోపలికి పోతే, మూత రంధ్రం మూసుకుపోయింది. సూదితో తీసేస్తే సరి.

వానాకాలంలో ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు గ్లాసులో పట్టండి. నీళ్ళు ఉంటే అడుగున వేరే పొరగా తేరుకుంటాయి. నల్లటి జిగురు కనిపిస్తే ట్యాంకు దించి కడగాల్సిందే. ఫిల్టర్ ఒక్కటి మారిస్తే అది మళ్ళీ మూసుకుపోతుంది.

తిరుగుతుంది, తెల్ల పొగ వస్తుంది, అందుకోదు

ఇది మంచి వార్తే. డీజిల్ పడుతోంది, వేడి చాలక కాలడం లేదు. ముందు తిరిగే వేగం చూడండి. నీరసంగా తిరిగే ఇంజిన్‌లో గాలి వేడెక్కదు, కాబట్టి మళ్ళీ బ్యాటరీ దగ్గరికే వస్తాం. లంబసింగి వైపో, డిసెంబర్‌లో ఆదిలాబాద్ వైపో తిరిగే బళ్ళకు హీటర్ ప్లగ్గులుంటే (సిలిండర్‌ను ముందే వేడిచేసేవి) అవి కూడా ముఖ్యం. ప్లగ్గులను కలిపే పట్టీ తీసేసి, టెస్ట్ ల్యాంపు క్లిప్పును బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టి, మొనను ఒక్కో ప్లగ్గు తలకు తాకించండి. వెలిగితే ప్లగ్గు బతికే ఉంది. వెలగకపోతే లోపల తీగ తెగింది. అన్నీ బాగుంటే రిలే, ఫ్యూజు చూడండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. వేడి ప్లగ్గుకు ఈథర్ తగిలితే ముందే పేలి పిస్టన్ పగులుతుంది.

డీజిల్‌లో నీళ్ళున్నా తెల్ల పొగే వస్తుంది. ఈమధ్యే పంపు దించి ఎక్కించి ఉంటే టైమింగ్ మార్కు తప్పిందేమో చూడండి. కూలెంట్ తగ్గుతూ ఉండి, పొగలో తియ్యటి వాసన వస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింది సీలు) పోయినట్టు.

నల్ల పొగతో మొండికేయడం అరుదు. గాలి దారి మూసుకుపోయిందని అర్థం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఎక్కువ రోజులు నిలబెట్టిన బండిలో ఎలుకలు గుడ్డపీలికలతో కాపురం పెట్టి ఉంటాయి.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది, వేడెక్కి ఆపితే ఇక కాదు

రోటరీ పంపు బళ్ళలో ఇది వస్తే పంపు హెడ్ అరిగిందని అనుమానించాలి. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన సందులోంచి జారిపోతుంది, సెల్ఫ్ వేగానికి ఒత్తిడి చాలదు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి, పావుగంట ఆగి సెల్ఫ్ కొట్టండి. అందుకుంటే అనుమానం నిజమే. నీళ్ళు గుమ్మరించొద్దు. పంపు దించాల్సిన అసలైన సందర్భం ఇది.

దించే ముందు ఒక చిన్న పరీక్ష మిగిలింది. ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి, టార్చి వేసి, సెల్ఫ్ కొట్టిస్తూ లోపలికి చూడండి. రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) కదలకపోతే టైమింగ్ బెల్టో గేరో పోయింది, మళ్ళీ సెల్ఫ్ ముట్టుకోవద్దు. కదులుతుంటే డీజిల్ ఇంజిన్‌కు పనికొచ్చే గేజితో కంప్రెషన్ చూపించండి. పెట్రోల్ బండి గేజి ఈ ఒత్తిడికి తట్టుకోదు. బాగున్న ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ 350 నుంచి 450 పీఎస్ఐ మధ్య ఉంటుంది. అది చాలా పడిపోయి ఉంటే పంపు మీద పెట్టే డబ్బు బూడిదలో పోసినట్టే, ముందు ఇంజిన్ పని చేయించాలి.

కంప్రెషన్ బాగుంటే పంపు దించండి. ఫ్లాంజి మీద, ఇంజిన్ మీద ఎదురెదురుగా ఉలితో ఒక గీత పెట్టి అప్పుడు దించండి. ఊడిన పైపుల చివర్లకు, పంపు నోళ్ళకు వెంటనే శుభ్రమైన మూతలు పెట్టాలి. ఇసుక రేణువు ఒక్కటి చాలు కొత్త నాజిల్ పాడవడానికి. కాలిబ్రేషన్‌కు (డీజిల్ కొలత సరిచేయించడానికి) పంపుతో పాటు ఇంజెక్టర్లు కూడా తీసుకెళ్ళండి. అరిగిన పాత ప్లంజర్లు, నాజిళ్ళు మీ చేతికి ఇమ్మని ముందే చెప్పి ఉంచండి.