లాడ్జికి ఫైర్ అలారం పెట్టిస్తున్నారా, కాంట్రాక్టర్‌తో కూర్చునే ముందు ఇవి చూస్కోండి

2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే పైన లాడ్జిలో ఉన్నోళ్లు 8 మంది పోయారు, పొగ మెట్లదారి పట్టుకుని పైకెక్కేసింది. అందుకే డ్రాయింగ్ ముందేసుకున్నప్పుడు గదుల కంటే ముందు సెల్లార్, మెట్లు, లిఫ్ట్ లాబీ చూడండి. సెల్లార్‌లో ఒట్టి స్మోక్ డిటెక్టర్ పెడితే బండ్ల పొగకే మోగుతుంటది, ఒట్టి హీట్ డిటెక్టర్ పెడితే లేటుగా మోగుతది, కాబట్టి పొగా వేడీ రెండూ చూసే మల్టీసెన్సర్ అడగండి.

అలారం ఎక్కడ మోగిందో చూపించే కంట్రోల్ బాక్సే ప్యానెల్. గదులు పాతిక ముప్పై ఉంటే కన్వెన్షనల్ ప్యానెల్ వద్దు, డబ్బు మిగులుద్ది గానీ అది "సెకండ్ ఫ్లోర్" అని మాత్రమే చెప్తది, రాత్రి రెండింటికి రిసెప్షన్ కుర్రాడు పది తలుపులు కొట్టుకుంటూ తిరగాలి. అడ్రసబుల్, అంటే ప్రతి డిటెక్టర్‌కీ సొంత నంబరుండేది అయితే 204 అని నేరుగా చూపిస్తది.

డిటెక్టర్లకి ఐఎస్ 2189 (ఫైర్ అలారాలకి మన దేశ స్టాండర్డ్) ప్రకారం లెక్క సింపులే, చదునైన సీలింగ్ కింద ఏ మూల నుంచైనా స్మోక్ డిటెక్టర్ 7.5 మీటర్లలోపు ఉండాలి, హీట్ అయితే 5.3. ఏసీ గాలి వచ్చే చోటుకి కనీసం మీటర్ దూరం పెట్టండి, లేకపోతే పొగని గాలి పక్కకి తోసేస్తది. కిచెన్‌లో ఫిక్స్‌డ్ టెంపరేచర్ (ఒక వేడి దాటితేనే మోగే) హీట్ డిటెక్టరే, తాలింపు పెట్టిన ప్రతిసారీ మోగితే వారంలో ఎవడో ఒకడు దాన్ని పీకి పక్కన పెడతాడు. ఇక సౌండ్, నిద్రపోయేవాళ్ల దిండు దగ్గర 75 డెసిబెల్స్ రావాలి, కారిడార్‌లో హూటర్ పెట్టి తలుపు మూసి ఏసీ ఆన్ చేసి మీరే మంచం మీద పడుకుని వినండి, చాలాచోట్ల సరిపోదు, గదిలోనే సౌండర్ బేస్ (డిటెక్టర్ కిందే హూటర్ ఉండే బేస్) పెట్టించాల్సి వస్తది.

వైరింగ్ దగ్గరే అసలు మోసం. అడ్రసబుల్ లూప్ అంటే వైరు ప్యానెల్ నుంచి బయల్దేరి అన్నీ తిరిగి మళ్లీ ప్యానెల్‌కే రావాలి, ఒకచోట తెగినా రెండో వైపు నుంచి పనిచేస్తది. కానీ వెళ్లే వైరూ వచ్చే వైరూ ఒకే పైపులో లాగేస్తారు, ఆ పైపు కాలితే రెండూ పోతాయి, ఇంకేం లాభం? రెండు వేరే దారుల్లో లాగమనండి, ఫైర్ సర్వైవల్ కేబుల్ (మంటలో కూడా కొంతసేపు పనిచేసే వైరు) అని ఆర్డర్‌లోనే రాయించండి, ఒకచోట షార్ట్ అయితే ఆ ముక్కని మాత్రమే విడదీసే ఐసోలేటర్ ఫ్లోర్‌కొకటి పెట్టించండి. హూటర్ లైన్‌కి ఆఖర్లో పెట్టాల్సిన ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్‌ని (వైరు చివరిదాకా బాగుందో లేదో ప్యానెల్‌కి తెలిపే చిన్న పార్టు) ప్యానెల్‌లోనే మెలిపెట్టేసేవాళ్లున్నారు, అప్పుడు బయట వైరు తెగినా ప్యానెల్ ఫాల్ట్ చూపించదు. చెక్ చేయడం ఈజీ, చివరి హూటర్ వైరు ఊడదీయించండి, ఫాల్ట్ రాకపోతే డొంక కదిలినట్టే.

కరెంటు పోయినప్పుడు ప్యానెల్‌ని నడిపే బ్యాటరీ లెక్క అడిగితే సగం మంది తెల్లమొహం వేస్తారు. మామూలుగా 0.3 ఆంపియర్ లాగితే 24 గంటలకి 7.2, అలారంలో 1.5 ఆంపియర్ చొప్పున అరగంటకి 0.75, మొత్తం 7.95, బ్యాటరీ పాతబడ్డా సరిపోయేలా దాన్ని 1.25తో గుణిస్తే దగ్గర దగ్గర 10 ఏహెచ్ (ఆంపియర్ అవర్), అంటే 24 వోల్టుల ప్యానెల్‌కి 12 వోల్టుల 12 ఏహెచ్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో. మీ ప్యానెల్ ఎంత లాగుతుందో డేటాషీట్‌లో చూసి వేస్కోండి.

హ్యాండోవర్ రోజు ముందు తల పైకెత్తి చూడండి, పెయింట్ దుమ్ము పడకుండా పెట్టిన ప్లాస్టిక్ మూతలు డిటెక్టర్ల మీద అలాగే ఉండిపోతాయి, మూత ఉంటే పొగ లోపలికే పోదు. తర్వాత అగరబత్తితో కాదు, స్మోక్ డిటెక్టర్లని టెస్ట్ స్ప్రేతో, హీట్ డిటెక్టర్లని వేడి గాలితో ప్రతిదాన్నీ మోగించి ప్యానెల్‌లో వచ్చిన గది నంబరూ తలుపు మీది నంబరూ ఒకటేనా అని రాసుకోండి, 204 కొడితే 304 అని చూపించేవి కనీసం ఒకటి రెండు దొరుకుతాయి. మెయిన్ పవర్ తీసేసి కూడా ఓసారి మోగించండి. ఇవన్నీ అయ్యాకే ఫైనల్ బిల్లు ఇవ్వండి, ముందే ఇచ్చేస్తే ఫోన్ ఎత్తరు.