ఘాట్ మలుపులో కారు అదుపు తప్పితే

మారేడుమిల్లి–చింతూరు ఘాట్ అయినా, అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారి అయినా, కారు పల్టీ కొట్టేది మలుపులోనే కానీ దానికి బీజం పడేది మలుపుకు ముందే. వేగం తగ్గించే పని చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే అయిపోవాలి. టైరుకున్న కాస్త పట్టునే బ్రేకూ స్టీరింగూ పంచుకోవాలి మరి. 40 కిలోమీటర్ల వేగంతో తిరిగే మలుపులో 56తో దూరితే టైరు మీద పక్కబలం రెట్టింపవుతుంది. దానికి తోడు రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్నో, చెదిరిన కంకరో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

దిగేటప్పుడు, ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు కావాలో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో వదిలేస్తే ఆయిల్ మిగులుతుందనేది వట్టి మాట. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి కాలు తీసేస్తే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. కాలిన వాసన వచ్చినా, బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి దిగుతున్నా బండి పక్కన ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, అరగంటైనా చల్లారనివ్వండి. ఎర్రగా కాలిన డిస్కుల మీద నీళ్లు పోయకండి, పగులుతాయి.

మలుపులో కారు మీరు తిప్పినట్టు తిరక్కుండా నేరుగా పోతుంటే యాక్సిలరేటర్ వదిలేయండి. స్టీరింగ్ ఇంకా తిప్పాలనిపిస్తుంది, అది తప్పు. కాస్త వెనక్కి సడలిస్తేనే ముందు టైర్లకు పట్టు దొరుకుతుంది. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉన్న కారులో బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, పోవాల్సిన వైపు తిప్పండి. కాలి కింద పెడల్ దడదడలాడటం మామూలే, వదలకండి. ఏబీఎస్ లేని పాత బండిలో చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగ్ పనిచేయదు. ఒక్క క్షణం బ్రేకు వదిలి, తిప్పి, మళ్లీ తొక్కాలి.

పల్లె రోడ్ల మీద ప్రాణాలు తీసే తప్పు ఇంకొకటుంది. ఎడమ చక్రాలు తారు అంచు దిగి మట్టిలో పడగానే కంగారుగా కుడికి లాగుతారు. టైరు పక్కభాగం తారు అంచుకు రాసుకుంటూ ఎక్కదు. ఇంకా తిప్పుతారు. ఒక్కసారిగా ఎక్కేసరికి చక్రం అప్పటికే బాగా తిరిగి ఉంటుంది కాబట్టి కారు ఎదుటి లైనులోకి దూసుకుపోతుంది. అలా దిగినప్పుడు స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మట్టిలోనే తిన్నగా పోనివ్వండి. వేగం 20కి తగ్గాక నెమ్మదిగా పైకి తెచ్చుకోవచ్చు.

గుద్దుకోక తప్పదని తేలిపోయాక, దేన్ని గుద్దాలో ఎంచుకునే వీలు ఇంకా ఉండొచ్చు. లోయ కంటే కొండపక్క కాలువ మేలు, లారీ కంటే పొదలు మేలు, ఎదురుగా ఢీకొట్టడం కంటే పక్కగా రాసుకుపోవడం మేలు. ఆఖరి క్షణం దాకా బ్రేకు తొక్కే ఉంచండి. వీపు సీటుకు, తల హెడ్‌రెస్టుకు ఆనించండి. చేతులు స్టీరింగ్‌కు అటూ ఇటూ ఉండాలి, మీద అడ్డంగా ఉంటే ఎయిర్‌బ్యాగ్ మణికట్టు విరిచేస్తుంది. తలుపు తీసి దూకకండి.

ఆగగానే ఇగ్నిషన్ కట్టేసి హజార్డ్ లైట్లు వేయండి. ఎయిర్‌బ్యాగ్ పేలితే తెల్లటి పొడి పొగలా లేస్తుంది, మంట అనుకుని హడలిపోవద్దు. కారు ముందుభాగం లోయలోకి వేలాడుతుంటే వెనకవాళ్లు ముందు దిగకూడదు, వాళ్ల బరువే కారును పట్టి ఉంచేది. ముందువాళ్లు మెల్లగా వెనక్కి పాకి, వెనక తలుపుల నుంచి దిగాక మిగతావాళ్లు దిగాలి. తలకిందులైతే ఒక చేత్తో పైకప్పును తన్నిపట్టి, కాళ్లు బిగించాకే బెల్టు ఊడదీయండి. లేకపోతే బరువంతా మెడ మీద పడుతుంది. ముందు అద్దం పగిలినా ఊడిరాదు. పక్క అద్దాన్ని మూలలో కొట్టాలి. అందుకే చిన్న సుత్తి డిక్కీలో కాకుండా చేతికందే చోట ఉంచుకోండి.

ఫోన్‌లో మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా 112 కొట్టండి, అక్కడ వేరే నెట్‌వర్క్ ఉంటే దాని మీద కలవొచ్చు. కిలోమీటరు రాయి నంబరు, ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపో చెప్పండి. అసలు సిగ్నలే లేకపోతే వచ్చే బండిలో ఒకరిని పంపండి. హెచ్చరిక త్రికోణం కారు పక్కన కాదు, మలుపు మొదలవకముందే పెట్టాలి. మీరంతా రోడ్డు దిగి నిలబడండి.

రక్తం కారుతుంటే గుడ్డ మడిచి అరచేత్తో అదిమిపెట్టండి, తగ్గిందా అని ఎత్తి చూడొద్దు. తడిస్తే మీద ఇంకో గుడ్డ వేయండి. మంటో, జారిపోయే ప్రమాదమో ఉంటే తప్ప మెడనొప్పి అన్నవాళ్లను బయటికి లాగకండి. నీళ్లు తాగించకండి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కాపాడుతుంది. గాయపడ్డవాళ్లకు 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం దొరుకుతుంది.

దెబ్బేమీ తగల్లేదని ఇంటికి పోయేవాళ్లు ఒకసారి చొక్కా ఎత్తి చూసుకోవాలి. పొట్ట మీద బెల్టు అచ్చు కమిలి ఉంటే, నొప్పి లేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి కడుపు స్కానింగ్ అడగండి. పేగు చిరిగినా కొన్ని గంటల దాకా బయటపడకపోవచ్చు.