శాంక్షన్: మంజూరా, ఆంక్షా?

మన దగ్గర "పింఛను శాంక్షన్ అయింది" అంటే ఇంటిల్లిపాదికీ సంతోషం. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి తీసుకునే వ్యక్తి "నన్ను శాంక్షన్ చేశారు" అంటే మాత్రం, ఏదో షరతు తప్పినందుకు అతని భృతిలో కోత పడిందని అర్థం. మాట ఒక్కటే, అర్థాలు మాత్రం పూర్తిగా ఎదురెదురు.

ఈ చిక్కు పుట్టుకలోనే ఉంది. లాటిన్‌లో దీని మూలానికి, ఒక విషయాన్ని పవిత్రమని, దాటరానిదని శాసనంతో ఖాయం చేయడం అని అర్థం. సెయింట్, శాంక్చువరీ కూడా ఆ మూలం నుంచి వచ్చినవే. ఖాయం చేయడం ఆమోదమైతే, దాటినవాడికి పడేది శిక్ష. ఇంగ్లీషు ఈ రెంటినీ ఒకే మాటలో దాచుకుంది. తెలుగులో మంజూరు, ఆంక్ష అని వేర్వేరు మాటలున్నాయి కాబట్టి, ఏది వాడాలో మనమే తేల్చుకోవాలి.

క్రియగా వస్తే ముందు దాని కర్మను చూడండి. అప్పు, సెలవు, ఖర్చు, ఇంటి ప్లాను లాంటి పనో వస్తువో కర్మ అయితే మంజూరు. మనిషి, కంపెనీ, బ్యాంకు, దేశం అయితే ఆంక్ష లేదా శిక్ష. "ది కోర్ట్ శాంక్షన్డ్ ది సెటిల్‌మెంట్" అంటే కోర్టు రాజీని ఆమోదించింది. "ది కోర్ట్ శాంక్షన్డ్ ది లాయర్" అంటే లాయరుపై చర్య తీసుకుంది. దాదాపు ప్రతిసారీ ఈ ఒక్క పరీక్షతోనే అర్థం తేలిపోతుంది. ఆఫీసు మెయిళ్లలో కనిపించే "ప్లీజ్ శాంక్షన్ మీ లీవ్" ఎందుకు తప్పో కూడా ఇదే చెబుతుంది. "శాంక్షన్ మీ" దగ్గర ఆగితే నన్ను శిక్షించండి అని అడిగినట్టు. "ప్లీజ్ శాంక్షన్ మై లీవ్" అని రాయాలి. మెయిల్ అమెరికాలోని మేనేజరుకైతే "అప్రూవ్" మేలు. సెలవుకు శాంక్షన్ అనే వాడుక అక్కడివారికి అలవాటు లేదు.

నామవాచకంగా వస్తే పక్కనున్న చిన్న మాటలు దారి చూపుతాయి. "శాంక్షన్ ఫర్", "విత్ ది శాంక్షన్ ఆఫ్" అంటే అనుమతి. "శాంక్షన్స్ ఆన్", "శాంక్షన్స్ అగైనెస్ట్" అంటే ఆంక్షలు. ఆంక్షలను ఇంపోజ్ చేస్తారు, లిఫ్ట్ చేస్తారు. అనుమతిని గ్రాంట్ చేస్తారు. మన జీవోల భాషలో అయితే అకార్డ్ చేస్తారు. బహువచనం చాలావరకు ఆంక్షలకే వస్తుంది. అయినా బ్యాంకుల వార్షిక నివేదికల్లో "లోన్ శాంక్షన్స్" కనిపిస్తే కంగారు పడకండి, అవి మంజూరైన రుణాలే. "సోషల్ శాంక్షన్" దగ్గర మాత్రం నిదానించాలి. ఒక ఆచారానికి అది ఉంది అంటే సమాజం ఒప్పుకుందని. ఒక మనిషి దాన్ని ఎదుర్కొన్నాడంటే వెలివేత లాంటిది జరిగిందని.

వార్తలు అనువదించేవారు ఎక్కువగా పొరబడేది "యూఎన్-శాంక్షన్డ్" దగ్గర. 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇరాక్‌పై ఆర్థిక ఆంక్షలు విధించింది. ఆ నవంబరులోనే, కువైట్ నుంచి ఇరాక్‌ను వెళ్లగొట్టడానికి బలప్రయోగానికి అనుమతిచ్చింది. మొదటిది శాంక్షన్స్; రెండోది యూఎన్-శాంక్షన్డ్ యుద్ధం, అంటే సమితి ఆమోదం ఉన్న యుద్ధం. దీన్ని "ఆంక్షలు ఎదుర్కొంటున్న యుద్ధం" అని రాస్తే వార్త తలకిందులవుతుంది. బ్యాంకుల బ్యాక్ ఆఫీసుల్లో చేసే "శాంక్షన్స్ స్క్రీనింగ్" మాత్రం ఆంక్షల జాబితాలో ఖాతాదారు పేరుందో లేదో చూడటం. దానికీ రుణాల మంజూరుకూ సంబంధం లేదు.

మంజూరు అన్నచోట కూడా అది పనిలో ఏ మెట్టో తెలియాలి. గృహరుణం శాంక్షన్ లెటర్ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. ఫలానా మొత్తం, ఫలానా వడ్డీ, ఫలానా షరతులపై ఇస్తామని బ్యాంకు చెప్పింది, అంతే. స్థలం కాగితాల లీగల్ పరిశీలన లాంటివి తేలాకే డబ్బు విడుదలవుతుంది. దాన్ని డిస్‌బర్స్‌మెంట్ అంటారు. వడ్డీ పడేది విడుదలైన మొత్తంపైనే. లెటర్‌కు గడువు కూడా ఉంటుంది, ఆ తేదీ తప్పక చూసుకోండి. ప్రభుత్వ పనుల్లోనూ ఇంతే: ముందు అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్, అంటే పని చేపట్టడానికి పాలనాపరమైన అనుమతి, తర్వాత డిజైన్లు, అంచనాలు సరిచూసి ఇంజినీర్లు ఇచ్చే టెక్నికల్ శాంక్షన్, ఆ తర్వాతే టెండర్లు. మొదటి కాగితం రాగానే పని మొదలైనట్టే అని రాయకూడదు.

ఇక "శాంక్షన్ ఫర్ ప్రాసిక్యూషన్". పక్కన నేరం, కేసు లాంటి మాటలు ఉండటంతో శిక్ష అనిపిస్తుంది. కానీ "ఫర్" ఉంది చూడండి, అది అనుమతే. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆ సెక్షన్‌లో పేర్కొన్న కేసుల్లో ప్రభుత్వోద్యోగిపై విచారణను కోర్టు చేపట్టాలంటే, అతన్ని ఉద్యోగం నుంచి తొలగించే అధికారం ఉన్నవారు ముందుగా ఒప్పుకోవాలి. కాబట్టి "శాంక్షన్ రెఫ్యూజ్డ్" అని వస్తే "శిక్ష తప్పింది" అని కాదు, "ప్రాసిక్యూషన్‌కు అనుమతి నిరాకరణ" అని రాయాలి.