చాక్లెట్ ఫ్రోజెన్ యోగర్ట్ పలుకులు పలుకులుగా వస్తోందా? ముందు ఉప్పునీళ్ల గ్లాసు పెట్టి చూడండి

పెరుగు వడకట్టారా లేదా, ముందు అది చెప్పండి. "గట్టి పెరుగే అక్కా, ఎనుము పాలది, గిన్నె బోర్లించినా పడదు" అని చెప్పొద్దు. గిన్నె బోర్లించినా పడని పెరుగులో కూడా ఎక్కువ భాగం నీళ్లే, ఆ నీళ్లే రేపు పంటికి తగిలే ఐసు పలుకులు. జల్లెట్లో పల్చటి నూలు గుడ్డ పరిచి, పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయండి. కిలో పెరుగు పొద్దునకి దాదాపు సగం అవుతుంది, అయ్యో తగ్గిపోయిందే అనుకోకండి, తగ్గాల్సిందే. మూట కట్టి కుళాయికి వేలాడదీసే పద్ధతి చలికాలానికి సరే గానీ ఏప్రిల్, మే నెలల్లో వద్దు, నీళ్లు దిగేలోపే పులిసిపోతుంది. దిగిన నీళ్లతో చపాతీ పిండి కలుపుకోండి.

ఇది చేయకుండా కింద రాసినవి ఎన్ని చదివినా లాభం లేదు. చేశాం అన్నవాళ్లకే మిగతాది.

నేను చెప్పే లెక్కలన్నీ వడకట్టిన పెరుగు 500 గ్రాములు, చక్కెర 120, కోకో పొడి 30, పాలు 100 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పుకి.

చేసిన రోజు వెన్నలా ఉంది, మర్నాటికి కరకరలాడుతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. పెరుగు మార్చి చూస్తారు, కోకో మార్చి చూస్తారు, క్రీమ్ పోస్తారు, యూట్యూబ్‌లో ఇంకో వంటకం వెతుకుతారు. దొంగ మాత్రం ఫ్రీజర్‌లో కూర్చుని ఉంటాడు. ఫ్రీజర్ చూశారా అంటే ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: "ఐసు బాగానే గడ్డ కడుతోంది కదా!"

ఉత్త నీళ్లు సున్నా డిగ్రీల దగ్గరే గడ్డ కడతాయి. మైనస్ 4లో ఉన్న ఫ్రీజర్ కూడా ఐసు ముక్కలు శుభ్రంగా ఇస్తుంది. మన మిశ్రమంలో చక్కెర ఉంది, పెరుగులో సొంత చక్కెర, పులుపు, లవణాలు ఉన్నాయి, అందుకని అది సున్నా కంటే రెండు మూడు డిగ్రీలు కిందికి వెళ్లాకే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి కొద్దికొద్దిగా బిగుసుకుంటూ పోతుంది. మైనస్ 18లో కూడా అందులో నీళ్లన్నీ గడ్డ కట్టవు. కాబట్టి ఫ్రీజర్ మైనస్ 8 నుంచి మైనస్ 4కి వచ్చి మళ్లీ మైనస్ 8కి వెళ్లిందనుకోండి, ఐసు ట్రేలో ఏ మార్పూ కనపడదు, కానీ మీ డబ్బాలో సన్నటి పలుకులన్నీ కరిగి, ఆ నీళ్లు పెద్ద పలుకుల మీద పేరుకుని మళ్లీ గడ్డ కడతాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, తలుపు తీసిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. రెండు రోజులకి చిన్న పలుకు ఒక్కటీ మిగలదు.

గ్లాసులో నీళ్లు గడ్డ కట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి, అది కిందికి దిగిందా లేదా చూసే చిట్కా చాలామందికి తెలుసు. ఊరెళ్లినప్పుడు కరెంటు గంటలకొద్దీ పోయిందేమో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. మన పనికి చాలదు, ఎందుకంటే బిళ్ల దిగాలంటే సున్నా దాటాలి, మన డబ్బా అంతకంటే చాలా ముందే పాడైపోతుంది.

ఉప్పునీళ్ల పరీక్ష చేయండి. ఒక గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, వంటల కొలత టీస్పూన్‌తో రెండు స్పూన్ల మెత్తటి ఉప్పు తలకొట్టి వేసి కరిగించండి. ఇంకో గ్లాసులో అన్నే నీళ్లకి నాలుగు స్పూన్లు. మొదటిది సుమారు మైనస్ 7 దగ్గర, రెండోది సుమారు మైనస్ 16 దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతాయి. రెండూ రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున దాకా తలుపు ముట్టుకోకండి. రాయిలా గట్టిపడాలని చూడొద్దు, ఐసు నలుసులు కనబడినా గడ్డకట్టినట్టే. ఏమీ కనపడకపోతే చిన్న ఐసు ముక్క వేసి ఇంకో గంట ఆగండి, ఒక్కోసారి నీళ్లు మొండికేస్తాయి.

రెండు గ్లాసుల్లోనూ ఐసు ఉంటే మీ ఫ్రీజర్ మంచిదే, తప్పు ఇంకెక్కడో ఉంది. మొదటిదాంట్లోనే ఉంటే మీరు చేసింది గడ్డ కడుతుంది గానీ నిలవ ఉండదు, నేను చూసిన ఇళ్లలో ఎక్కువ ఇలాంటివే, ముఖ్యంగా పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు. రెండింట్లోనూ లేకపోతే ముందు ఫ్రిజ్ సంగతి చూసుకోండి, తర్వాత తియ్యటి సంగతి.

అప్పుడైనా వెంటనే మెకానిక్‌ని పిలవకండి. మన ఎండలకి ఫ్రిజ్ పడే పాట్లు వేరు. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లలో 'టి' తరగతివి 43 డిగ్రీల వరకు, 'ఎస్‌టి' తరగతివి 38 వరకు తట్టుకునేలా చేస్తారు, లోపలో వెనకో స్టిక్కర్ మీద ఆ అక్షరాలు ఉంటాయి. కర్నూలులోనో కడపలోనో మే నెల మధ్యాహ్నం, పడమటి గోడకి ఆనించి, పక్కనే గ్యాస్ పొయ్యి పెట్టుకున్న వంటింట్లో అది ఎంత మోయగలదో మీరే చెప్పండి. గోడకి జానెడు దూరం జరపండి, వెనక దుమ్ము దులపండి. చలికాలంలో తగ్గించిన నాబ్ పెంచండి, దీన్ని మర్చిపోయినవాళ్లే ఎక్కువ. సింగిల్ డోర్‌లో మంచు అర సెంటీమీటరు దాటితే డీఫ్రాస్ట్ చేయండి, ఆ మంచే చల్లదనానికి అడ్డం. కన్వర్టబుల్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్‌ని ఎవరైనా ఫ్రిజ్ మోడ్‌లోకి మార్చారేమో చూడండి, పిల్లలున్న ఇంట్లో ఇది మామూలే. సాయంత్రం లైట్లు డిమ్ముగా వెలిగే వీధి అయితే స్టెబిలైజర్ లేకుండా కుదరదు.

ఫ్రాస్ట్ ఫ్రీ వాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. అందులో మంచు కరిగించడానికి అప్పుడప్పుడు హీటర్ దానంతటదే వెలుగుతుంది, కాసేపు లోపలి గాలి వెచ్చబడుతుంది. అందుకే డబ్బాని తలుపు దగ్గర పెట్టకండి, లోపలికి తోసి చుట్టూ గడ్డ కట్టిన నీళ్ల సీసాలు పేర్చండి. చిన్న చిన్న డబ్బాల్లో పోసుకుంటే ప్రతిసారీ మొత్తం బయటికి తీసే పని ఉండదు.

ఫ్రీజర్ ఎంతకీ బాగుపడదు అనిపిస్తే దాన్ని నమ్ముకోవడం మానేయండి. పెద్ద గిన్నెలో మూడొంతుల ఐసుకి ఒక వంతు రాళ్లుప్పు కలిపి, మధ్యలో మిశ్రమం ఉన్న స్టీలు గిన్నె దించి, అంచులు గీకుతూ కలపండి. ఉప్పు కలిసిన ఐసు సింగిల్ డోర్ ఫ్రీజర్ కంటే చల్లగా ఉంటుంది, అరగంట చిల్లర చేతినొప్పి, అంతే. అయితే ఆ రోజే తినేయాలి.

పలుకులు పట్టేసినది పారేయక్కర్లేదు. ముక్కలు చేసి, ముందే చల్లబెట్టిన మిక్సీ జార్‌లో ఆపి ఆపి తిప్పండి, వెంటనే గిన్నెల్లో వేసి ఇచ్చేయండి. కరెంటు పోయి పూర్తిగా నీళ్లయి గంటలు గడిచినదాన్ని మాత్రం మళ్లీ గడ్డ కట్టించకండి.

మొదటి రోజే పలుకులు

వడకట్టడం సరిపోలేదు, లేదా మెల్లగా గడ్డ కట్టింది. వేడివేడి మిశ్రమాన్ని లోతైన ప్లాస్టిక్ డబ్బాలో నింపి ఫ్రీజర్‌లో పెడితే అంతే. ముందు ఫ్రిజ్‌లో నాలుగు గంటలు చల్లబరిచి, వెడల్పాటి స్టీలు పళ్లెంలో అంగుళం మందాన పోయండి. గంటగంటకీ తలుపు తీసి ఫోర్కుతో కలపమంటారు, బలమైన ఫ్రీజర్ ఉంటే చేయండి, లేకపోతే ఒకేసారి గడ్డ కట్టించి మిక్సీలో తిప్పి మళ్లీ పెట్టడం మేలు.

రాయిలా ఉంది, గరిటె దిగట్లేదు

చక్కెర తగ్గించారు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నారని సగం వేశారు, కదా? చక్కెర తీపికి మాత్రమే కాదు, మెత్తదనం కూడా దానిదే. తీపి వద్దనుకుంటే కొద్దికొద్దిగా తినండి గానీ కొలత కొయ్యకండి. ఉన్నదాన్ని పావుగంట, ఇరవై నిమిషాలు కింద ఫ్రిజ్‌లో ఉంచి తీయండి. ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా, జారుడుగానే ఉండిపోతే కండెన్స్‌డ్ మిల్క్ ఎక్కువ పోసుంటారు.

కోకో నాలుక మీద పొడిపొడిగా తగులుతోంది

కోకోని చల్లటి పెరుగులో నేరుగా కొట్టేశారు. పాలు, చక్కెర, కోకో కలిపి సన్న మంట మీద ఒకటి రెండు నిమిషాలు ఉడకనిచ్చి, పూర్తిగా చల్లారాక పెరుగులో కలపాలి. వేడిగా పోస్తే పెరుగు విరుగుతుంది. కరిగించిన చాక్లెట్‌ని చల్లటి పెరుగులో పోస్తే మాత్రం చిన్న చిన్న గట్టి ముక్కలవుతుంది, ముందు దాన్ని గోరువెచ్చటి పాలలో కలిపి పల్చన చేసుకోండి. బేకరీ సామాను దుకాణాల్లో చవకగా దొరికే కాంపౌండ్ చాక్లెట్ దిమ్మ, అంటే కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసింది, వాడితే నోట్లో మైనంలా ఉంటుంది, దానికి మందు లేదు. డ్రింకింగ్ చాక్లెట్ పొడిలో ఎక్కువ చక్కెరే, అది వేసి రంగు రాలేదు అంటే ఏం చెప్పను.

పులుపు

పెరుగుదే. తోడు పెట్టిన రోజే వడకట్టండి. పుల్లటి పెరుగుని చాక్లెట్ దాచేయదు, ఇంకా బయటపెడుతుంది.

మిగతావి, అంటే కోకో పాతబడటం, జెలటిన్ ఉండలు కట్టడం, మిక్సీ బ్లేడు మొండిబారడం, ఇవన్నీ ఉంటాయి గానీ చాలా అరుదు. ఉప్పునీళ్ల గ్లాసులు రెండూ గడ్డ కట్టి, పెరుగు వడకట్టి, చక్కెర తగ్గించకుండా వేసినా రాకపోతే అప్పుడు చూద్దాం.